రాజారాం చుట్టూ పసుపు గీత

రాజారాం కుంభారి ఊరి బస్సు దిగి కార్ఖానాకు వచ్చేలోపు చీమలను బయటికి పంపాలి. ఆ రోజు ఉదయం కిష్టయ్య పెట్టుకున్న పని అదొక్కటే. చాయ్ తాగేలోపు అయిపోతుందనుకున్నాడు.

భవాని పేట్‌లో కిష్టయ్యకు ముందు కార్ఖానా, వెనక ఇల్లు. కార్ఖానాలో రెండు మరమగ్గాలు. వాటి మీద కప్పుకునే చద్దర్లు నేస్తాడు. నేస్తాడంటే కిష్టయ్య కాదు, రాజారాం. రెండు మగ్గాల మధ్య సందులో నిలబడి, ఒకదాని మీద తెగిన పోగు అతుకుతూ, రెండోదాని మీద పోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు కండె మారుస్తూ, రెండింటినీ ఆగకుండా నడిపిస్తాడు. అలాంటి నేతగాళ్ళు ఇప్పుడు ఆ వీధిలో దొరకడం లేదు. కుర్రవాళ్ళు కొందరు పుణె పోయారు, కొందరు మోటార్ సైకిళ్ళ మీద పార్సిళ్ళు పంచుతున్నారు. మిగిలినవాళ్ళను కార్ఖానాదారులు ఒకరి దగ్గర నుంచి ఒకరు లాక్కుంటున్నారు. ఎదురు కార్ఖానా వీరేష్ కొన్నాళ్ళుగా రాజారాంకు రోజూ చాయ్ తాగిస్తున్నాడు. రాజారాం అడగకపోయినా అందులో అల్లం వేయిస్తున్నాడు.

మామూలుగా రాజారాం కిష్టయ్యను మామా అంటాడు. కోపం వస్తే శేట్ అంటాడు. నిన్న మధ్యాహ్నం డబ్బా తెరిచి శేట్ అన్నాడు. జొన్నరొట్టె మీద చీమలు. పల్లీల శేంగ చట్నీలో చీమలు. రొట్టె తిన్నాక నంజుకోవడానికి అతని భార్య అశ్విని పెట్టే బెల్లం ముక్క కనబడలేదు. చీమలు దాన్ని కప్పేశాయి.

"ఏంది శేట్ ఇది? నిలవడితె కాళ్ళకు కుడుతున్నయి, అంగి ఏసుకుంటె ఈపుకు కుడుతున్నయి. తినేది గూడ వీటికేనా?" అన్నాడు రాజారాం. "రేపు గూడ నా డబ్బాల చీమ కనవడితె ఎల్లుండి నేను ఎదురుంగ ఉంట."

ఎదురుంగ అంటే వీరేష్ కార్ఖానా. పండరిపురం దుకాణాలకు ఆషాఢ ఏకాదశి లోపు చద్దర్లు పంపుతానని కిష్టయ్య మాట ఇచ్చి ఉన్నాడు. రాజారాం పోతే మాట పోతుంది. మాటతో పాటు దుకాణాలూ పోతాయి.

సాయంత్రమే కిష్టయ్య దుకాణానికి పోయి చీమల మందు తెచ్చాడు. ఆ పొట్లం ఇప్పుడు అతని తల్లి చంద్రభాగ తలగడ కింద ఉంది. ఆమె మెడలో తులసిమాల ఉంది. ఏకాదశికి పండరిపురం పోవాలి.

"మాళ ఏసుకున్న ఇంట్ల జీవహత్యనా?" అంది చంద్రభాగ. "విఠోబా ముందట ఏ మొకం పెట్టుకొని నిలవడాలె నేను?"

"అవ్వా, రాజారాం డబ్బాల పడుతున్నయే అవి."

"ఆకలైనయి, పడ్డయి. నీకు ఆకలైతె నువ్వు ఊకుంటవా? నిన్న ఉప్పు తక్కువైందని పళ్ళెం ఇసిరికొట్టలే?"

కాబట్టి చీమలను చంపకూడదు, పంపాలి. ఈ సంగతి కిష్టయ్య కూతురు ఋతుజకు చెప్పాడు. ఋతుజ కాలేజీకి పోయే తొందరలో జడ వేసుకుంటూనే మొబైల్‌లో వెతికింది.

"బాపూ, చీమలు వాసన వట్టుకొని నడుస్తయట. వేరే వాసనొస్తె దారి తప్పుతయట. నిమ్మకాయ, లవంగాలు, పసుపు, కర్పూరం. ఒక్కటి గూడ చావదు, ఆజీ గూడ ఏమనది," అంది నానమ్మ మంచం వైపు చూస్తూ.

"అన్నీ ఇంట్లనే ఉన్నయి. దేవుని గూట్లకెళ్ళి తీస్కో," అని వంటింట్లోంచి కిష్టయ్య భార్య కళావతి కేకేసింది.

కిష్టయ్య ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. నిమ్మకాయలు రెండు బద్దలుగా కోశాడు. ప్రతి బద్దలో లవంగాలు గుచ్చాడు. మగ్గాల కాళ్ళ దగ్గర కాలికి ఒకటి చొప్పున పెట్టాడు. రాజారాం కాళ్ళకు చీమలు కుడుతున్నాయన్న మాట గుర్తొచ్చి, అతను నిలబడే చోటు చుట్టూ పసుపుతో గుండ్రంగా గీత గీశాడు. రాజారాం పని చేసేటప్పుడు తొడుక్కునే అంగి మేకుకు వేలాడుతోంది. దాని జేబు తిరగేస్తే పల్లీలు, బెల్లం పొడి రాలాయి. జేబు దులిపి, కర్పూరం, లవంగాలు గుడ్డపేలికలో మూటకట్టి అందులో పెట్టాడు.

ఇక మిగిలింది డబ్బా. కింద పెడితే చీమలు ఎక్కుతాయి. గూట్లో పెడితే గోడ మీదుగా వస్తాయి. పైకప్పు దూలం నుంచి దారానికి వేలాడదీస్తే సరిపోతుంది. చేతికి అందిన కండె ఎర్ర నూలుది. నాలుగు పోగులు పేని, చీమ దిగకుండా ఆముదం పూసి, దూలానికి కట్టి, కింది కొసకు ముడి వేశాడు. రాజారాం నిలబడితే ముడి అతని తలకు ఎదురుగా వస్తుంది. చెయ్యి చాపితే డబ్బా అందుతుందని కిష్టయ్య లెక్క.

కళావతి చాయ్ గ్లాసుతో వచ్చి గడప దగ్గర ఆగింది.

"ఇదేందయ్యా? కార్ఖానానా, స్మశానమా?"

"నీకేం తెల్వది. ఒక్క చీమను సూపియ్."

కళావతి వంగి చూసింది. మగ్గాల కిందా చూసింది. ఒక్కటీ లేదు.

"సరే, చీమలు పొయినయి గద. ఊడ్వనా ఇగ?"

"ఊడిస్తె మళ్ళ వస్తయి. ముట్టకు."

కిష్టయ్య చాయ్ తాగుతుండగా రాజారాం వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. సందులోకి నడిచాడు. కుడికాలు ఎత్తాడు, గీత చూశాడు, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి చుట్టూ చూశాడు. తర్వాత కాలు వెనక్కి దించాడు.

"ఏంది మామా ఇది?"

కిష్టయ్య ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు.

"నీ కోసమే."

"నా కోసమా?"

"మరి? ఎదురుంగ పోత అంటివి గద నిన్న. నాకు రాత్రి నిద్ర వట్టలే. పొద్దుగాల్నే లేసి అంత పక్కా చేసిన. ఇగ నువ్వు యాడికీ పోవు."

రాజారాం మేకుకున్న అంగి అందుకున్నాడు. జేబు బరువుగా తగిలింది. రెండు వేళ్ళతో మూట బయటికి తీశాడు.

"ఇది గూడ నువ్వే పెట్టినవా?"

"నేనే. తీయకు, అంగితోనే ఉండనీ."

రాజారాం మూటను జేబులోనే వదిలి, అంగిని మేకుకే వదిలి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అప్పుడు ఎర్రదారం ముడి అతని ముక్కుకు తగిలింది.

"ఇది నా మెడకా?"

కిష్టయ్య నవ్వాడు. "మెడకెందుకురా పిచ్చోడా. నీ అన్నానికి."

భవాని పేట్‌లో కార్ఖానాదారు నేతగాణ్ణి నిలుపుకోవడానికి ఏమేం చేస్తాడో రాజారాం విన్నాడు. దసరాకు బట్టలు పెడతాడు. పిల్లల ఫీజు కడతాడు. పూర్వం ఎవరో ఒకాయన కరణీ, అంటే చేతబడి, చేయించి నేతగాణ్ణి మగ్గానికి కట్టేశాడనీ, ఆ మనిషి ముసలివాడై చనిపోయేదాకా వీధి దాటలేదనీ కూడా విన్నాడు. కట్టు వేసేటప్పుడు కాళ్ళ చుట్టూ వేస్తారనీ, ఒంటి మీది బట్టకు వేస్తారనీ, చివరికి తినేదానిలో పెడతారనీ చెప్పుకుంటారు. ఇక్కడ మూడూ ఉన్నాయి. చేసిన మనిషి చాయ్ తాగుతూ తనే చెబుతున్నాడు.

"తినే అన్నానికి గూడనా శేట్?" అని రాజారాం డబ్బాను గుండెకు అదుముకుని, చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి పరుగెత్తాడు. తిన్నగా వీరేష్ కార్ఖానాలోకి పోయాడు.

కిష్టయ్యకు ఏం జరిగిందో అర్థమయ్యేలోపు వీధికి అర్థమైపోయింది. ముందు వీరేష్ మగ్గాలు ఆగాయి, తర్వాత పక్కవి, ఆ తర్వాత చాయ్ బండి దాకా అన్నీ ఆగాయి. ఆ వీధిలో మగ్గాల మోత ఆగితే ఎవరో పోయారనుకుని జనం ఇళ్ళలోంచి బయటికి వస్తారు. వచ్చారు. కిష్టయ్య గుమ్మం ముందు నిలబడ్డారు. గడప మాత్రం ఎవరూ దాటలేదు.

"చీమలు! చీమల కోసం పెట్టిన!" అని కిష్టయ్య అరిచాడు.

"చీమకు లవంగం గుచ్చిన నిమ్మకాయనా అన్నా?" అన్నాడు వీరేష్. "దుకాణంల మందు దొరుకతలేదా?"

"మా అవ్వ చంపనియ్యది."

"అంగి జేబుల గూడ చీమలేనా?"

"అవును, చీమలే!"

"మంచిదే. ఒక్క చీమను సూపియ్, అందరం ఇంటికి పోతం."

కిష్టయ్య లోపలికి పోయాడు. మగ్గం కింద దూరాడు. మొబైల్ లైటు వేసి నూలు దూది తోసి చూశాడు. గోడ పగుళ్ళలో చూశాడు. నిన్నటిదాకా అన్నంలో, నీళ్ళలో, పక్క మీద తిరిగిన చీమలు ఒక్కటీ లేవు. ఋతుజ మొబైల్‌లో చదివింది అక్షరాలా నిజమైంది. మోకాళ్ళ మీద నిలబడి కిష్టయ్య లోపలికి కేకేశాడు.

"అవ్వా! శక్కెర డబ్బా తే!"

కొడుకు ఇన్నాళ్ళకు జీవాలకు తిండి పెడుతున్నాడని చంద్రభాగ సంతోషించింది. డబ్బా నిండుగా తెచ్చింది. కిష్టయ్య కార్ఖానా నాలుగు మూలల్లో నాలుగు కుప్పలు పోశాడు. వాటి ముందు కూర్చుని చీమల కోసం చూశాడు.

గుమ్మం ముందున్న జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

"అరే, మన ముందట్నే శక్కెర గూడ పోస్తుండురా!"

"నాలుగు మూలలు కడుతుండు!"

వీరేష్ దగ్గర పనిచేసే భరత్ మొహం తెల్లబడింది. "నిన్న కిష్టన్న నాకు పాన్ ఇచ్చిండు," అన్నాడు. "ఊకెనే ఇచ్చిండు. గప్పట్సంది నాకు కడుపుల గడబడ." పక్కకు పోయి గొంతులో వేలు పెట్టుకున్నాడు.

చంద్రభాగ గడప మీదికి వచ్చింది. మాల బయటికి తీసి అందరికీ చూపించింది.

"ఇగో, విఠోబా సాక్షి. నా కొడుకు చీమల్ని చంపకుండ సాగనంపిండు. ఇండ్ల ఏం కరణీ లేదు. పొయి మీ పనులు చేసుకోండ్రి."

ఆమె మాటను ఆ వీధిలో ఎవరూ కాదనరు. ఈసారి కూడా కాదనలేదు. పాపం, ముసలామెకు కూడా తెలియకుండా చేశాడని అనుకున్నారు.

"దీనికి కాయదా ఉన్నది, చట్టం ఉన్నది. చౌకీల చెప్తె లోపలేస్తరు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"పోలీసులెందుకు?" అన్నాడు వీరేష్ దయగా. "మన కిష్టన్ననే గద. రాజారాం నా దగ్గరికొచ్చిండు, నిమ్మళంగున్నడు. చాలు."

జనం వెళ్ళిపోయారు. ఒక్కడు పోలేదు. మూల మలుపులో కార్ఖానా ఉన్న పాండురంగ్. అతను అటూ ఇటూ చూసి, గడప పక్క నుంచి తల లోపలికి పెట్టాడు.

"బావా, ఎవల తోని చేయించినవు?"

"పాండురంగ్, నీ కాళ్ళు మొక్కుత. చీమలు."

"నాకు గూడ చెప్పవా? నా ఇద్దరు నేతగాళ్ళు ఏకాదశి తర్వాత పోతమంటున్నరు. బాబా పేరు చెప్పు చాలు, అడ్రస్ నేను పట్టుకుంట."

"బాబా లేడు, గీబా లేడు. మా ఋతుజ మొబైల్ల సూసి చెప్పింది."

పాండురంగ్ తన జేబులోని మొబైల్ తడిమి చూసుకున్నాడు.

"మొబైల్ల గూడ చేస్తున్నరా ఇప్పుడు?" అన్నాడు. తర్వాత ఎన్ని నిమ్మకాయలున్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో కళ్ళతో చూసుకుని, తల వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా కిష్టయ్య ఆగిన మగ్గాల మధ్య కూర్చున్నాడు. బీము మీద చుట్టిన పడుగు నూలు అలాగే ఉంది. సగం నేసిన చద్దరులో నెమలి మెడ దాకా వచ్చి ఆగింది. పండరిపురానికి ఫోన్ చేసి చద్దర్లు రావని చెప్పాలి. నంబరు తీశాడు, పెట్టేశాడు. ఎదురుగా వీరేష్ కార్ఖానాలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ మోతలో రాజారాం చెయ్యి ఏదో కిష్టయ్యకు తెలుసు. ఈ రోజు తెలియలేదు. మోత మాటిమాటికీ ఆగుతోంది.

అక్కడ రాజారాం కష్టం రాజారాంది. వీరేష్ ఇచ్చిన మగ్గం తలుపుకు ఎదురుగా ఉంది. అక్కడ నిలబడితే వీధి దాటి కిష్టయ్య దూలానికి వేలాడే ఎర్రదారం కనిపిస్తుంది. ఫ్యాను గాలికి అది ఊగుతోంది. ఊగినప్పుడల్లా రాజారాం అటు చూస్తున్నాడు. అటు చూసినప్పుడల్లా ఇటు పోగు తెగుతోంది. తెగిన పోగు చూడక మగ్గం ఆపడం ఆలస్యమవుతోంది. అంత తెగడం తన చేతిలో ఎన్నడూ లేదు. కట్టు తగిలిందని అతనికి రూఢి అయింది. అలా రూఢి అయ్యాక ఇంకా ఎక్కువ తెగసాగాయి.

అశ్విని ఫోన్ చేసింది. కుంభారిలో బీడీలు చుడుతున్న ఆమెకు భవాని పేట్ వార్త బస్సు కన్నా ముందు చేరింది.

"ఆయన గడప దాటినవా?" అంది.

"దాటిన."

"నీకు బుద్ధున్నదా? కట్టు ఏసినంక దాటితె ఉల్టా తగుల్తది. ఇంట్ల పిల్లలున్నరు. పొయి ఆయన కాడ్నే ఉండు. ముందుగాల ఆ గీతల నిలవడు!"

రాజారాం ఫోన్ చెవికి పెట్టుకునే ఎర్రదారం వైపు చూశాడు. ఆ చూపులో ఉండగా నాడె మగ్గంలోంచి ఎగిరింది. లెక్క చూసుకుంటున్న వీరేష్ చెవి పక్క నుంచి పోయి వెనక గోడ గడియారాన్ని పగలగొట్టింది.

వీరేష్ లేచాడు. చెవి తడిమి చూసుకున్నాడు. చెవి ఉంది. గడియారం లేదు.

ఇటు కిష్టయ్య అప్పటికి ఓ నిర్ణయానికి వచ్చాడు.

"ఊడువు," అన్నాడు కళావతితో. "అంత తీసి పారెయ్. పొద్దుగాల నువ్వు చెప్పినప్పుడే ఊడ్వనిస్తె అయిపోతుండె."

కళావతి చీపురు తెచ్చింది. కొంగు నడుముకు దోపింది. పసుపు గీత మీద చీపురు ఆనించింది.

"ఒదినే!" అని వీధిలోంచి కేక వినిపించింది. "చీపురు ఆపు! ముట్టకు!"

వీరేష్ రాజారాం రెక్క పట్టుకుని వీధి దాటి వస్తున్నాడు. గడప దగ్గర ఆగి, రాజారాంను లోపలికి నెట్టాడు. తను మాత్రం బయటే ఉన్నాడు.

"అన్నా, నీ మనిషి నీకే. నాకు నకో, వద్దు. ఎన్నడన్న ఈయనకు చాయ్ పోయిస్తె నన్ను చెప్పు దీసి కొట్టు."

రాజారాం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామా," అన్నాడు. మళ్ళీ మామా అనే అన్నాడు. "ఏసిన కాడికి ఏసినవు. కోపం లేదు నాకు. గని ఇప్పుడు తీయకు. తీస్తె ఉల్టా అయితదంటున్నది అశ్విని. నేను ఈడ్నే ఉంట. యాడికీ పోను."

"రాజారాం, నిజం చెప్త ఇను," అన్నాడు కిష్టయ్య. "ఇది కట్టు గాదు. చీమల..."

కళావతి చీపురు కింద వేసింది. అది కిష్టయ్య కాలి మీద పడింది.

"తీయడు," అంది ఆమె రాజారాంతో. "నేను తీయనియ్య. నువ్వు పొయి మగ్గం నడిపియ్యి."

కిష్టయ్య నోరు మూసుకున్నాడు. ఉదయం నుంచి వీధి వీధికంతా నిజమే చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. ఇంకొక్కడికి చెప్పకపోతే పోయేదేమీ లేదనిపించింది.

రాజారాం అంగి వేసుకున్నాడు. జేబులో మూట ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. కుడికాలు ముందు పెట్టి, పసుపు చెదరకుండా గీత లోపలికి దిగాడు. మీట నొక్కాడు. నెమలికి తల వచ్చింది.

సాయంత్రానికి చీమలు కూడా వచ్చాయి. నాలుగు మూలల్లో పోసిన చక్కెరకు నాలుగు దారుల్లో వచ్చాయి. చక్కెర అయిపోయాక నిమ్మకాయలకు వచ్చాయి. ఎండిన నిమ్మకాయను చీమ లెక్కచేయదని మొబైల్‌లో రాసి లేదు. మర్నాటికి ఎర్రదారం మీది ఆముదం కూడా ఆరింది. రాజారాం దానికి వేలాడదీసుకున్న డబ్బాను మధ్యాహ్నం తెరిచేసరికి బెల్లం ముక్క కనబడలేదు.

కిష్టయ్య చూశాడు. శేట్ అన్న మాట కోసం ఎదురుచూశాడు.

రాజారాం కూడా చూశాడు. ఎర్రదారం వైపు ఓసారి చూశాడు. మూత తిరగేసి నెమ్మదిగా ఊదాడు. రొట్టె దులిపి నోట్లో పెట్టుకున్నాడు.

"ఉండనీ మామా," అన్నాడు నములుతూ. "కావలి కాస్తున్నట్టున్నయి."

చద్దర్లు ఏకాదశి లోపు పండరిపురం చేరాయి. చంద్రభాగ కూడా చేరింది. విఠోబా ముందు తలెత్తి నిలబడ్డానని వచ్చి చెప్పింది. ఆమె తలగడ కింద చీమల మందు పొట్లం దొరికింది గానీ, ఇప్పుడు రాజారాం దాన్ని వాడనివ్వలేదు. పాండురంగ్ తన కార్ఖానాలో మగ్గం కాలికి రెండు చొప్పున నిమ్మకాయలు పెట్టాడు. వీరేష్ అది చూసి కొన్నాళ్ళు నవ్వి, తర్వాత ఎవరూ చూడకుండా పెట్టాడు. భరత్ ఇప్పుడు ఎవరిచ్చినా పాన్ తీసుకోడు. వీధిలో నేతగాళ్ళంతా ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు.

ఒక కార్ఖానా విడిచి ఇంకో కార్ఖానాకు ఇష్టం వచ్చినట్టు పోయేవి ఇప్పుడు చీమలు మాత్రమే.